నేను మోయని మాట

ప్రతి ఉదయం స్నానం అయ్యాక మా బాపు చొక్కా తొడుక్కుని నా ముందుకు వచ్చి నిలబడతాడు. ఆయన కుడిచేతికి బొటనవేలూ చిటికెనవేలూ మాత్రమే ఉన్నాయి. ఎడమచేత్తో సంతకం పెట్టడం, చెంచాతో అన్నం తినడం ఎప్పుడో నేర్చుకున్నాడు గానీ గుండీలు మాత్రం ఆయనకు చేతకాలేదు. అమ్మ ఉన్నన్నాళ్లు అమ్మ పెట్టింది. ఇప్పుడు పేట్ బషీరాబాద్‌లో మా ఫ్లాటులో నేను పెడుతున్నాను. ఆ రెండు నిమిషాలూ ఆయన గోడమీది దేవుడి పటాన్ని చూస్తాడు, నేను గుండీలను చూస్తాను. నేను చాలా ఏళ్లుగా శనివారం సత్సంగంలో పీటమీద కూర్చుని, సత్యం అంటే ఏమిటో, నాలుకను ఎలా కాచుకోవాలో పదిమందికీ చెబుతున్న మనిషిని. ఆ చేతిని మాత్రం ఈనాటికీ నిండుగా చూడలేను.

మొన్న ఒక ఉదయం, మూడో గుండీ దగ్గర ఉండగా ఫోను మోగింది. షామీర్‌పేట నుంచి శంకరన్న. మా పెద్దబాపు కొడుకు, అంటే బాపు సొంత అన్నకు కొడుకు. చేతులు ఖాళీ లేక స్పీకరు నొక్కాను.

"చెల్లె, మా బాపుకు మంచిగ లేదే. దవాఖానోళ్లు ఇంటికి తీస్కపొమ్మన్నరు. తింటలేడు. నువ్వొచ్చి పక్కన కూసోని జర నామం చదువుతె ఇంటడంట. నిన్నటిసంది సువర్ణ, సువర్ణ అంటుండు." గొంతు తగ్గించి, "చిన్నబాపును గూడ తోల్కరాలేవా?" అన్నాడు.

నేను జవాబు చెప్పేలోగా బాపే ఫోనువైపు వంగాడు. కానీ శంకరన్నతో కాదు, నాతో అన్నాడు. "నువ్వు పోయి చదివిరా బిడ్డా. నేను రాను. పిల్ల చెప్తె ఇని గూడ ఊకున్న మనిషి. ఆయన మొహం నేనేం సూడాలె?"

ఆ మాట నేను నలభై ఏళ్లకు పైగా వింటున్నాను. పెళ్లిళ్లలో, చావుల్లో, మా పెద్దబాపు పేరు వచ్చిన ప్రతిచోటా అదే మాట, అవే పదాలు. అందులో ఒక ముక్క అబద్ధం. "పిల్ల చెప్తె" అన్నది. ఆ పిల్లను నేనే. నేను చెప్పలేదు. ఆ సంగతి తెలిసినవాళ్లు ఈ లోకంలో ఇద్దరమే, నేనూ పెద్దబాపూ. ఇప్పుడు ఆయన పోతున్నాడు. ఆయన పోయేలోగా నేను నోరు విప్పకపోతే, ఒక అన్న తమ్ముడి చూపుకు నోచుకోకుండా, చేయని తప్పుతో మట్టిలో కలిసిపోతాడు. నాలుగో గుండీ పెట్టడానికి నా వేళ్లు తిరగలేదు.

మా ఊరు మేడ్చల్ నుంచి షామీర్‌పేటకు వెళ్లే దారికి లోపలగా ఉండేది. ఒకే వాకిలి, రెండు పొయ్యిలు. తెల్లవారక ముందే అవ్వ లేచి వాకిట్లో సానుపు చల్లేది. ఆ పేడనీళ్ల వాసన, బర్రెలకు కలిపిన కుడితి వాసన, పొయ్యిమీద జొన్నరొట్టె మాడే వాసన ఒకదాని వెనక ఒకటి వచ్చి మమ్మల్ని లేపేవి. అవ్వకు చదువు రాదు. కానీ మాటల విషయంలో ఆమెకున్నంత పట్టింపు తరువాత నేను ఏ పండితుడిలోనూ చూడలేదు. బియ్యం అయిపోయాయని ఆమె నోట వినలేదు, గంప నిండుకున్నది అనేది. దీపం ఆరిపోయిందని మేమెవరమైనా అంటే మూతిమీద ఒకటి వేసేది. "ఇంటి దూలం మీద దేవతలు కూసోని ఇంటుంటరే. నువ్వు ఏదంటె దానికి ఔనంటరు. జర సూస్కొని అను." నేను తలెత్తి దూలంవైపు చూసేదాన్ని. పొగచూరిన కర్ర, బల్లులు తప్ప ఏమీ కనిపించకపోయినా నమ్మాను. ఇప్పటికీ నమ్ముతున్నాను. నోట్లోంచి బయటికి వచ్చిన మాట ఎక్కడో ఒకచోట వినబడి తీరుతుంది.

ఒక వాకిట్లో రెండు పొయ్యిలు రావడానికి కారణం కూడా ఒక్క మాటే. పెద్దబాపు వ్యవసాయం మనిషి, గొంతున్న మనిషి. ఊరి భజన మందిరంలో ముందుపాట ఆయనది. బాపు డోలక్ వాయించేవాడు. చుట్టుపక్కల ఊళ్లలో ఎక్కడ భజన సప్తాహం జరిగినా బండి కట్టి మరీ తీసుకెళ్లేవాళ్లు. ఒకసారి అలా పొరుగూరి భజనవాళ్లు మా ఇంట్లో పంక్తిలో కూర్చుని తింటుంటే, వాళ్లలో ఒకరు బాపు చేతిని మెచ్చుకున్నారు. పెద్దబాపు నవ్వుతూ, "ఆయనకేంది, డోలక్ కొట్టుకుంట తిరుగుతడు. దున్నేది నేను, పెట్టేది నేను" అన్నాడు. అందరూ నవ్వారు. బాపు కూడా సగం నవ్వాడు. ఆ తరువాత కలిపిన ముద్ద విస్తట్లోనే వదిలి లేచి చేయి కడుక్కున్నాడు. పెద్దబాపు తమాషాకే అన్నాడని నాకు ఇప్పటికీ నమ్మకం. కానీ పదిమంది ముందు అన్నది, తమ్ముడితో అన్నది, అన్నం ముందు అన్నది. ఆ మాట బరువంతా అక్కడుంది. ఆ రోజు నుంచి అన్నదమ్ములకు మాటలు బంద్.

మాటలు బంద్ అయినా బావి ఒక్కటే, మోటరు ఒక్కటే. నీళ్లు వంతులవారీగా పారాలి. ఎవరి మడి నిండిందో, ఎవరు మలుపుకోవాలో రోజూ ఒకరికొకరు చెప్పుకోక తప్పదు. అప్పుడు అవ్వ నన్ను గట్టుమీద నిలబెట్టి తీర్పు చెప్పింది. "మీ మాటలు బందయితె కానీ, నీళ్లు బంద్ గావద్దు. ఏదున్నా పిల్లతోని చెప్పుండ్రి. పిల్ల చెప్తేనే చెప్పినట్టు." నా వైపు తిరిగి, "నువ్వు కాల్వ అసువంటిదానివే. నీళ్లను తాగొద్దు, నీళ్లల్ల ఏమీ కలపొద్దు" అంది.

అప్పటి నుంచి బడి వదలగానే నా పని అదే. పెద్దబాపు ఇటు, బాపు అటు, మధ్యలో పది అడుగుల గట్టు, దానిమీద నేను. ఒకరి మాట ఇంకొకరికి చక్కగా వినబడుతూనే ఉండేది. అయినా నేను తిప్పి చెప్పేదాకా అది చెప్పినట్టు కాదు.

"సువర్ణా, మా మడి నిండింది. ఇగ మలుపుకొమ్మని చెప్పు."

"బాపూ, మడి నిండిందంట. మలుపుకొమ్మంటుండు."

"ఇంత జల్దీ నిండిందా అని అడుగు."

"ఇంత జల్దీ నిండిందా అంటుండు."

"నిండకపోతె నేనేమన్న తాగిన్నా అని అడుగు."

గట్టుకింద గడ్డి కోస్తున్న అవ్వ ముసిముసిగా నవ్వేది. మొదట్లో నేను వాళ్ల గొంతులు కూడా దించేదాన్ని, పెద్దబాపు విసురుకు విసురు, బాపు దెప్పుకు దెప్పు. అవ్వ నా చెవి మెలిపెట్టింది. "మాట చెప్పు సాలు. కోపం ఆయనది, ఆయన కాడనే ఉండనీ." సరేనని పలకమీద అక్షరాల్లాగా చదునుగా చెప్పడం మొదలుపెట్టాను. దానితో ఇంకో చిక్కు వచ్చింది. ఒకసారి పెద్దబాపుకు జ్వరం వచ్చి రెండు రోజులు పొలం రాలేదు. బాపు దిగులుగా, నేలచూపు చూస్తూ, "ఇయ్యాలన్న ఇంత తిన్నడా అని అడుగు బిడ్డా" అన్నాడు. నేను పరుగెత్తుకుంటూ వెళ్లి గుమ్మంలో నిలబడి, "ఇయ్యాలన్న ఇంత తిన్నవా అంటుండు బాపు" అని అప్పజెప్పాను. పెద్దబాపు మంచంమీద లేచి కూర్చున్నాడు. "తిండి మాట మళ్ల తీసిండా? పెట్టేది నేనంటి గద, దానికి తగులుతుండు!" అన్నాడు.  పదాలు ఒక్కటీ పోలేదు, ఒక్కటీ కలవలేదు. బాపు దిగులు మాత్రం దారిలో ఎక్కడో జారిపోయింది. దాన్ని మోసే పద్ధతి నాకెవరూ చెప్పలేదు.

విచిత్రమేమిటంటే, శనివారం మందిరంలో ఇద్దరూ కలిసే కూర్చునేవారు. పెద్దబాపు ముందుపాట ఎత్తుకుంటే బాపు డోలక్ అందుకునేవాడు. దేవుడితో మాట్లాడే మాట లెక్కలోకి రాదని ఇద్దరూ ఒప్పుకున్నట్టుండేది. అన్న గొంతు ఎక్కడ తగ్గుతుందో, ఎక్కడ లేస్తుందో తమ్ముడి వేళ్లకు ముందే తెలిసేది. నామం అయిపోగానే ఒకరు తూర్పు గుమ్మంలోంచి, ఒకరు పడమటి గుమ్మంలోంచి వెళ్లిపోయేవారు. చిన్నపిల్లను, నాకు అది తట్టుకోలేని బాధగా ఉండేది.

ఆ మందిరం నడిపే దాసయ్య తాత ఒక శనివారం ఏకాదశి మహిమ చెప్పాడు. ఉపవాసం అందరూ చేస్తారు, పొద్దు పొడిచింది మొదలు మందిరంలో దీపం వెలిగేదాకా ఒక్క మాటైనా మాట్లాడకుండా ఉంటే దేవుడు ఒక్క కోరిక తప్పకుండా వింటాడని అన్నాడు. నేనెవరికీ చెప్పలేదు. వచ్చే ఏకాదశికి మౌనం పట్టాలని నిశ్చయించుకున్నాను. నా కోరిక ఒక్కటే, బాపూ పెద్దబాపూ మాట్లాడుకోవాలి. దాని వెనక నా పిల్లబుద్ధి లెక్క ఇంకొకటి ఉంది. నేను ఒక్కరోజు నోరు మూసుకుంటే వాళ్లకు వేరే దారి ఉండదు కదా! దేవుడికి కూడా పని సులువవుతుందనుకున్నాను.

ఆ ఏకాదశినాడు పొద్దున్నుంచి మాట్లాడలేదు. అమ్మ నేను అలిగాననుకుని పట్టించుకోలేదు. బడికి సెలవు. బావి దగ్గరికి వెళ్లేసరికి కరెంటు లేదు. అప్పట్లో కరెంటు ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో ఎవరికీ తెలిసేది కాదు. అందుకని స్టార్టరు డబ్బామీద బటను నొక్కి, అది లేవకుండా ఒక చెక్కముక్క ఆనించి తాడుతో బిగించేవాళ్లు. కరెంటు రాగానే మోటరు దానంతటదే తిరిగేది, ఎవరూ కాపలా ఉండనక్కర్లేదు. ఆ రోజు వంతు పెద్దబాపుది. ఆయన డబ్బా పక్కనే నిలబడి బీడీ ముట్టిస్తున్నాడు. మోటరు బావిలో సగం లోతున ఒక రాతిగట్టుమీద ఉండేది. ముందురోజు నుంచి అది కటకటమని కొట్టుకుంటోంది. బాపు పానా పట్టుకుని మెట్లు దిగి, మోటరునూ పంపునూ కలిపే చోట బోల్టులు బిగించడం మొదలుపెట్టాడు. చెక్క సంగతి అప్పుడు గుర్తొచ్చినట్టుంది. బావిలోంచి కేక వేశాడు.

"బిడ్డా! చెక్క తియ్యమని చెప్పు!"

ఆ కేక బావి గోడలకు తగిలి రెండింతలై పైకి వచ్చింది. పెద్దబాపు విన్నాడు. వినడం నేను చూశాను. బీడీ పట్టుకున్న చేయి నోటిదాకా వెళ్లి ఆగింది. ఆయన నావైపు తిరిగాడు.

"ఏమంటుండే మీ బాపు?"

పద్ధతి అది. నేను చెప్పాలి, ఆయన వినాలి. నేను పెదవులు బిగబట్టాను.  బావివైపు వేలు చూపించాను, ఆయనవైపు చూపించాను. మీరే మాట్లాడుకోండని. పెద్దబాపుకు అర్థం కాలేదు. "ఏందే, నోట్ల ఏమన్న పెట్టుకున్నవా? చెప్పు!" అన్నాడు. లోపలినుంచి మళ్లీ బాపు, "చెప్పినవా బిడ్డా?" అన్నాడు. ఎవరూ జవాబివ్వలేదు. పానా ఇనుముకు తగిలిన చప్పుడు వినబడింది. చెప్పేశాననుకుని బాపు మళ్లీ పని మొదలుపెట్టాడు. పెద్దబాపు విసుగ్గా బీడీ పారేసి చెక్కవైపు చేయి చాపాడు. నా కోరిక ఫలిస్తోందని నేను ఆ క్షణంలో కళ్లు మూసుకుని దేవుణ్ని తలుచుకున్నాను.

అంతలో కరెంటు వచ్చింది.

మోటరు గర్జన, దానిమీద బాపు అరుపు. పెద్దబాపు చెక్కను తాడుతో సహా పీకి పారేశాడు. నాలుగేసి మెట్లు దూకుతూ దిగాడు. "తమ్మీ! తమ్మీ!" అంటూ ఆయన పెట్టిన కేకలు నా చెవుల్లో ఇంకా ఉన్నాయి. బాపును వీపున వేసుకుని పైకి మోసుకొచ్చాడు. ఇద్దరి బట్టలూ నెత్తురే. ఆ పిలుపులు బాపు వినలేదు, స్పృహలో లేడు.

పొలాల్లోంచి జనం పరుగెత్తుకొచ్చారు. అమ్మ వచ్చింది. జరిగింది చూసి నా రెండు భుజాలూ పట్టి ఊపేసింది. "బాపు చెక్క తియ్యమనలేదానే? నువ్వు చెప్పినవా? చెప్పినవా లేదా?"

నేను తల ఊపాను. ఔనని.

ఆ ఊపులో ఎంత భయముందో, ఎంత మౌనవ్రతముందో ఇప్పటికీ విడదీసి చెప్పలేను. నోటితో అబద్ధం ఆడలేదు కదా అని చాలాకాలం నన్ను నేను నమ్మించుకున్నాను. కానీ తల ఊపడం కూడా మాటే. అది మాటకన్నా ఘోరం, ఎందుకంటే దాన్ని నోటిమాటలాగా ఎవరూ మళ్లీ అడిగి సరిచూడలేదు. సాయంత్రం మందిరంలో దీపం వెలిగే సమయానికి నేను ఒక్క మాటైనా మాట్లాడలేదు. వ్రతం నిండింది.

బాపు గాంధీ దవాఖానలో ఉన్నన్ని రోజులు ఊరు ఊరంతా ఒకటే మాట. కట్టుతో ఇంటికి వచ్చాక పెద్దమనుషులు వాకిట్లో కూర్చున్నారు. అవ్వ అరుగుమీద గోడకానుకుని కూర్చుంది. ఆమె ముఖం రాయిలా ఉంది. పెద్ద కొడుకునే అడిగింది. "పిల్ల చెప్పిందంట. నువ్వు ఇన్నవా, ఇనలేదా?"

పెద్దబాపు తల తిప్పి నన్ను చూశాడు. నేను అమ్మ వెనక, ఆమె కొంగు పట్టుకుని నిలబడ్డాను. అప్పటికి నాకు వ్రతం లేదు, నోరుంది. ఆయన చూపు చాలాసేపు నామీద ఉంది. కోపంగా లేదు. కోపంగా ఉంటే నిజం చెప్పేసేదాన్నేమో.

"చెప్పింది అవ్వా," అన్నాడు పెద్దబాపు. "పిల్ల చెప్పింది. నేనే ఇనలె."

ఎవరో ఉమ్మేశారు. అవ్వ లేచి లోపలికి వెళ్లిపోయింది. ఆ తరువాత పెద్దబాపు మందిరం గడప తొక్కలేదు. బాపు డోలక్‌ను ఎవరో అడిగితే ఇచ్చేశాడు. బావిలో కొత్తగా గోడ కట్టి నీళ్లు పంచుకున్నారు. నాకు గట్టుమీద పని లేకుండాపోయింది. ఇక మోయవలసిన మాటలేవీ లేవు.

తరువాతి జీవితమంతా నేను మాటల మధ్యనే గడిపాను. దాసయ్య తాత దగ్గర నామం నేర్చుకున్నాను, పెద్దల దగ్గర శాస్త్రం విన్నాను. ఎదుటివారి మనసు కలత పెట్టకుండా, నిజంగా, మేలు కోరి పలికే మాట కూడా తపస్సేనని తెలుసుకున్నాను. దాన్ని ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. చెప్పిన ప్రతిసారీ మొదటి వరుసలో బాపు కూర్చుని, రెండు వేళ్ల చేయి ఒళ్లో పెట్టుకుని వినేవాడు. తరువాత పక్కవాళ్లతో, "నా బిడ్డ నోట అబద్ధం రాదు" అనేవాడు.

నాలుగో గుండీ దగ్గర నా చేతులు ఆగిపోయిన ఆ ఉదయం, ఫోను పెట్టేశాక, అన్నాను.

"బాపూ, ఆ పొద్దు నేను చెప్పలేదు."

"ఏ పొద్దు?"

"బాయికాడ. చెక్క తియ్యమన్నవ్ గద. నేను పెద్దబాపుకు చెప్పలేదు. ఏకాదశి మౌనం పట్టిన."

బాపు పటంమీది చూపు దించి నన్ను చూశాడు. "మీ అమ్మ అడిగితె తల ఊపినవ్ గద?"

"ఊపిన. అబద్ధం ఊపిన."

వంటింట్లో కుక్కరు కూత పెట్టింది, ఇంకోటి పెట్టింది.  తరువాత నా చేతుల్లోంచి చొక్కాను లాక్కున్నాడు. "మైకు ముంగట మస్తు చెప్తవ్ గదనే. పొద్దుందాక చెప్తవ్. గీ ఒక్క మాటకు నోరు రాలేదా నీకు? రోజూ నా చొక్కా పట్టుకొని నిలబడ్డవ్ గద, గప్పుడన్న రాలేదా?"

 ఆయన సగం గుండీలు పెట్టని చొక్కాతోనే గుమ్మందాకా వెళ్లి, "కారు తియ్యి" అన్నాడు.

మేడ్చల్ రోడ్డెక్కి, అవుటర్ రింగు రోడ్డు పక్క దారిలో షామీర్‌పేటవైపు వెళ్లాం. గాలి ఇటు తిరిగినప్పుడల్లా జవహర్‌నగర్ చెత్తదిబ్బల వాసన కారులోకి వచ్చింది. మా మడులు ఉన్నచోట ఇప్పుడు ప్లాట్లకు రాళ్లు పాతి ఉన్నాయి. బావిని పూడ్చేశారు. దానిమీద ఒక ఫంక్షన్ హాలు వాళ్లు బండ్లు నిలుపుతారు. ఆ రోజుల్లో ఒక మాట ఇంకొకరికి చేరాలంటే ఒక మనిషి నడిచి వెళ్లాలి, నోరు తెరవాలి. ఇప్పుడు నా ఫోనులో మా సత్సంగానికే మూడు గ్రూపులున్నాయి, పొద్దున లేస్తే రెండొందల దండాలు వచ్చి పడతాయి. అందరం అందరితో మాట్లాడుతూనే ఉన్నాం. కానీ అప్పుడైనా ఇప్పుడైనా, చెప్పవలసిన మనిషికి చెప్పవలసిన మాటను ఎదురుగా నిలబడి చెప్పడం ఎంత కష్టమో అంతే కష్టం. కాలం దాన్ని ఒక్క రవ్వ కూడా తేలిక చేయలేదు. దారిపొడుగునా నా భయం ఒక్కటే. మేము చేరేసరికి ఆయన ఉంటాడా?

ఉన్నాడు. కింది గదిలో, కిటికీ పక్కన దవాఖాన మంచంమీద. అంత పెద్ద మనిషి పిల్లవాడంత అయ్యాడు. శంకరన్న బాపును చూసి గోడకు తప్పుకున్నాడు. పెద్దబాపు మెల్లగా తల తిప్పాడు, చూశాడు, గుర్తుపట్టాడు. బాపు మంచానికి పది అడుగుల దూరంలో ఆగిపోయాడు. తరువాత, ఎన్నో ఏళ్ల కిందటి అలవాటు ఒంట్లో ఎక్కడ దాక్కుందో, ఆయన తల నావైపు తిరిగింది. నాకు చెప్పడానికి పెదవులు తెరుచుకున్నాయి. నేను తల దించుకుని గది బయటికి వచ్చి, తలుపు వెనక నిలబడ్డాను.

లోపల చాలాసేపు ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. నేను నామం చదువుతున్నానో ఏడుస్తున్నానో నాకే తెలియదు.

"అన్నా."

మంచం కిర్రుమంది.

"పిల్ల ఆ పొద్దు చెప్పలేదంట."

"చెప్పలె." పెద్దబాపు గొంతు గాలిలా ఉంది.

"మరి చెప్పిందంటివి గద, అందరి ముంగట!"

"పసిపిల్ల రా. తల ఊపి కూసున్నది. ఊరందరి ముంగట దాన్ని అబద్ధాలదాన్ని చేద్దునా?" కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "గదొక్కటే గాదు తమ్మీ. నీ గొంతు నాకు ఇనబడ్డది. చెక్క నా చేతికాడనే ఉండె. పిల్ల చెప్పనీ, పిల్ల చెప్తేనే తీస్త అని ఆగిన. నేనే ఇనలె అన్నది అబద్ధం గాదు."

 శంకరన్న ముక్కు చీదుకున్నాడు. బాపు కుర్చీ లాక్కున్న శబ్దం వచ్చింది. ఆయన మాట్లాడినప్పుడు ఆ గొంతు నాకు కొత్తగా వినిపించింది. అది ఎనభై ఏళ్లు దాటిన మనిషి గొంతులా లేదు.

"నేనన్న నిన్ను పిలిచిన్నా? బాయిల ఉన్న. చెయ్యి మోటరుల ఉన్నది. పాణం పోతదని ఎరికే. గప్పుడు గూడ పిల్లనే పిలిస్తి గని, అన్నా చెక్క తియ్యి అనలేదు. రెండు మాటలు. నోరు రాలే."

"వచ్చింది గదరా, ఇప్పుడు."

 ముగ్గురమూ విన్నాము, ముగ్గురమూ ఊరుకున్నాము. పద్ధతికి కట్టుబడి ఒకరు, పంతానికి ఒకరు, దేవుడి పేరు చెప్పి నేను. వాళ్లిద్దరూ తమ వంతు ఒప్పుకోవడానికి నాలుగు మాటలు పట్టాయి. నేను నా వంతు ఒప్పుకోకపోవడం వల్ల ఆ నాలుగు మాటలు నలభై ఏళ్లు ఆగాయి. మొక్కిన కోరిక తీరింది. అది తీరకుండా అడ్డుపడి నిలబడ్డది నేనేనని ఇప్పుడు తెలిసింది.

కాసేపటికి నేను లోపలికి వెళ్లాను. పెద్దబాపు నన్ను చూసి చేయి కొంచెం ఎత్తాడు. ఆయన కాళ్లు పట్టుకుని, అందరి ముందూ, "నేను చెప్పలేదు పెద్దబాపూ" అన్నాను. "ఊకో బిడ్డా, ఊకో" అన్నాడు. ఆయన పక్కన కూర్చుని నామం చదివాను. చదువుతుంటే నడుమ ఆయన పెదవులు కదిలాయి. బాపు మంచం అంచుమీద రెండు వేళ్లతో మెల్లగా తాళం వేశాడు. ఎవరం ఎవరి ముఖమూ చూసుకోలేదు.

పొద్దు వాలుతుండగా నేను లేచి, "పోదామా బాపూ" అన్నాను.

"నేనీన్నే ఉంట," అన్నాడు, అన్న ముఖంమీంచి చూపు తీయకుండానే. "నువ్వు పో."

మా ఇళ్లలో బయటికి వెళ్లే మనిషితో పో అని ఎవరూ అనరు. పోయిరా అంటారు. శత్రువైనా సరే, గుమ్మం దాటుతుంటే వెనక్కి రమ్మనే ఒక అక్షరం కలిపి పంపుతారు. బాపు ఆ అక్షరం కలపలేదు. శంకరన్న కంగారుగా, "జాగర్తగ పోయిరా చెల్లె" అని తాను కలపబోయాడు. నేను వద్దన్నట్టు చేయి అడ్డం పెట్టాను. బాపు చెప్పిన మాట బాపు చెప్పినట్టే, ఆ గొంతుతో, ఆ కోపంతో సహా నాకు చేరాలి. నేను చెప్పులు తొడుక్కుని కారు దగ్గరికి నడిచాను. ఆ మాటను మెత్తబరచమని దారిలో దేవుణ్ని అడగలేదు.